తిన్నాక పావుగంట

మొన్న లిఫ్టులో మా పక్క ఫ్లాటతను కొడుకుని చంకనేసుకుని, రెండో చేత్తో డైపర్ల ప్యాకెట్ పట్టుకుని కనిపించాడు. పిల్లాడికి రెండేళ్ళు దాటాయట. "ప్లే స్కూల్లో చేర్చాలంటే ముందు ఇవి మానిపించి తీసుకురమ్మంటున్నారంకుల్, ఒకటే టెన్షన్" అన్నాడు. ఈలోగా నాలుగో అంతస్తు వచ్చేసింది కాబట్టి బతికిపోయాడు. లేకపోతే అక్కడే నిలబెట్టి మావాడి కథంతా చెప్పేవాణ్ణి. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మావాడు 1998 డిసెంబర్లో పుట్టాడు. అప్పుడు నల్లకుంటలో, ఫీవర్ హాస్పిటల్‌కి నాలుగు సందుల అవతల, ఒక పాత ఇంట్లో రెండు గదుల పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. మధ్యలో షాబాద్ బండలు పరిచిన వాకిలి. వాకిలి చివర నల్లా, దాని పక్కన సిమెంటు తొట్టి, తొట్టి వెనక రెండు పోర్షన్లకీ కలిపి ఒకటే లెట్రిన్. కింద కూర్చునే రకం. తలుపు కింద జానెడు సందు ఉండేది, అందులోంచి పిల్లులు వచ్చిపోతుండేవి.

నాది పత్రికాఫీసులో సబ్ ఎడిటర్ ఉద్యోగం. సాయంత్రం ఆరింటికి వెళ్తే సిటీ ఎడిషన్ వదిలాక రాత్రి రెండున్నరకి ఆఫీసు వ్యాను సందు మొదట్లో దింపేది. మా ఆవిడ టీచరు. ఉదయం ఏడున్నరకల్లా గడప దాటాలి. మళ్ళీ ఆవిడ వచ్చేది మధ్యాహ్నం రెండింటికి. అంతసేపూ పిల్లాడు నా వంతు. పక్కింటివాళ్ళు "మగాడివి నీకెందుకయ్యా ఈ కర్మ" అని జాలిపడేవాళ్ళు. నాకు జాలి అక్కర్లేదు, ఇంకో గంట నిద్ర దొరికితే చాలనిపించేది.

డైపర్లు మందుల షాపుల్లో దొరికేవి కానీ, మాకవి ఊరి ప్రయాణాలకే. ఇంట్లో అయితే మా అత్తగారు పాత నేత చీరలు చింపి అంచులు కుట్టి పంపిన గుడ్డలు. మూలగా మడిచి మొలతాడులోకి దోపితే గోచీ. రోజుకి పన్నెండు, ఒక్కోరోజు పదిహేను. ఎండాకాలం దండెం మీద ఆరేసిన అరగంటకే అప్పడాల్లా అయ్యేవి. నీళ్ళ దగ్గరే వచ్చేది తంటా. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లవారుజామున. నేను పడుకున్న రెండు గంటలకి అవ్వ వచ్చి "నల్లా వచ్చింది సారూ" అని కిటికీ ఊచల మీద గాజుల చేత్తో తట్టేది. లేచి డ్రమ్మూ బిందెలూ నింపి మళ్ళీ పడుకునేవాణ్ణి. ఆ నీళ్ళతో రెండు రోజులు గడపాలి. మావాడికి ఈ విద్య తొందరగా నేర్పాలన్న ఆలోచన నాకు పెంపకం పుస్తకాల్లోంచి రాలేదు. డ్రమ్ములో చెంబు అడుగుకి తగిలినప్పుడు గీరుకున్న చప్పుడు వస్తుంది చూడండి, దాంట్లోంచి వచ్చింది.

అవ్వ అంటే మా ఓనరుగారి తల్లి. డెబ్భై దాటిన మనిషి. ఎవరి పోర్షన్లో ఏం వండుతున్నారో వాసన పట్టి చెప్పేసేది. మావాడికి ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు ఒకరోజు నేను గుడ్డలు ఉతుకుతుంటే వచ్చి నిలబడి చూసి, "ఎన్నని పిండుతవ్ సారూ, పిలగాణ్ణి కాళ్ళమీద కూసోవెట్టుకోరాదు" అంది. ఎలాగో నాకు తెలియదన్నాను. ఇంత చదివినవాడికి ఇది తెలియకపోవడం ఆమెకి చాలా నచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తనే కూర్చుని చూపించింది.

నల్లా పక్కన బండ మీద చిన్న పీట వేసుకోవాలి. దాని మీద కూర్చుని కాళ్ళు ముందుకి చాపి, పాదాల మధ్య నాలుగు వేళ్ళ సందు వదలాలి. పిల్లాణ్ణి మన వైపు తిప్పి, ఒక్కో తొడ ఒక్కో పాదం మీద ఆనేటట్టు కూర్చోబెట్టుకోవాలి. వీపు వెనక మన అరచేతులు ఉండాలి. అప్పుడు వాడి మోకాళ్ళు పొట్ట దగ్గరికి వస్తాయి, సరిగ్గా పెద్దవాళ్ళు గొంతుక్కూర్చున్నట్టే. ఆ తర్వాత నోటితో "స్స్స్స్" అని సన్నగా అనాలి. వీటన్నిటికంటే ముఖ్యం టైము. "తిన్నంక పావుగంట. గడియారం జూసుకో. పైన వడ్డది కిందిదాన్ని నూకుతది" అంది.

పైన పడ్డది కిందిదాన్ని నెడుతుంది! కడుపులో తిండి పడగానే పెద్దపేగులో కదలిక మొదలవుతుందనీ, పసిపిల్లల్లో అది మరీ ఎక్కువనీ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు, ఇది మా అవ్వ చెప్పేసిందే అనుకున్నాను. ఉదయం ఒక ఇడ్లీ చిదిపి తినిపించి, మూతి తుడిచి, గోడ గడియారం చూసుకుని పీట వేసుకునేవాణ్ణి. నాలుగు రోజుల్లో మూడు రోజులు పని అయ్యేది. గుడ్డలు సగానికి సగం తగ్గాయి. ఆఫీసులో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా చీఫ్ సబ్ టీ తాగుతూ విని, "అలవాటైంది నీకయ్యా, వాడికి కాదు" అన్నాడు. ఆయనకి ముగ్గురు పిల్లలు.

ఆ మాట ఎంత నిజమో మావాడికి నడక వచ్చాక తెలిసింది. కాళ్ళ మీద కూర్చోబెడితే కొయ్యలా బిగుసుకుపోయి, జారి, బట్టల్లేకుండా వాకిలంతా పరిగెత్తేవాడు. పావుగంట లెక్క నాకు తెలుసు గానీ, వాడికి కనీసం ముప్పావు నిమిషం కూడా కూర్చునే ఓపిక లేదు.

2000 జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. హైదరాబాద్‌లో కాపురం పెట్టినవాళ్ళు ఏడాదికి సరిపడా ప్లాస్టిక్ సామాను కొనుక్కునేది అక్కడే కదా. జనవరి 1 నుంచి నలభై అయిదు రోజులు. బకెట్లు, మగ్గుల దుకాణంలో పసుప్పచ్చ బాతు ఆకారంలో ఒక కుర్చీ కనబడింది. బాతు వీపు మీద కూర్చోవాలి, మెడ పట్టుకోవడానికి, లోపల తీసి కడుక్కునే డబ్బా. మా ఆవిడ బేరమాడింది. తిరుగు బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఒక ఒళ్ళో పిల్లాడు, ఒక ఒళ్ళో బాతు. పక్క సీట్లో ముసలాయన బాతుని పరీక్షగా చూసి, అదేమిటో అర్థమయ్యాక, మాకెందుకులే అన్నట్టు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఇంటికి రాగానే మావాడు చేసిన మొదటి పని, ఆ లోపలి డబ్బాలో తన కార్లన్నీ పెట్టుకోవడం. మొత్తం ఏడు కార్లు. బాతు మెడకి తాడు కట్టి వాకిలంతా లాక్కెళ్ళేవాడు. కూర్చోమంటే ఏడుపు. ఎందుకో చాలా రోజులు నాకు అంతు పట్టలేదు. మాటలొచ్చాక వాడే చెప్పాడు: "కార్లు తలుస్తాయి." తడిసిపోతాయని! వాడి వైపు నుంచి చూస్తే ఎంత న్యాయం? గ్యారేజీలో ఎవరైనా ఆ పని చేస్తారా?

సరే, బాతు పోయింది, పాత పేపర్లు వచ్చాయి. మా ఇంట్లో కరువు లేనివి అవే. మంచం పక్కన, తలుపు దగ్గర, వాడు ఆడుకునే చోట దొంతరలుగా పరిచేవాణ్ణి. ఒక్కోసారి నేను రాత్రి పన్నెండింటికి బుర్ర బద్దలు కొట్టుకుని పెట్టిన హెడ్డింగు మీదే ఉదయం ఎనిమిదింటికి వాడి తీర్పు పడిపోయేది. మా ఆవిడ ఒకసారి చూసి, "ఇదే పాఠకుల స్పందన" అంది.

ఆ ఏడాది వానాకాలం ఎవరికి గుర్తుండదు. ఆగస్టు 24న ఒక్క రోజు లెక్కలో 24 సెంటీమీటర్లు కురిసింది. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా మా పేట మీదుగానే వెళ్తుంది. పక్క బస్తీల్లో ఇళ్ళు మునిగాయి. మా వాకిట్లో చీలమండ దాకా నీళ్ళు నిలిచాయి గానీ గడప దాటలేదు. రెండు రోజులు ఆఫీసులో వాన వార్తలే దిద్దాను, ఇంటికొస్తే వాన గుడ్డలే. గుడ్డలు ఆరడానికి కుర్చీలు, తలుపులు, రేడియో, ఫ్యాను రెక్కలు తప్ప అన్నీ వాడేశాం. ఇస్త్రీ పెట్టెతో ఆరబెడితే ఇల్లంతా ఒక వాసన. ఆ వాసన ఎలా ఉంటుందో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక ఇది చెప్పకుండా దాటేయాలని ఉంది గానీ చెబుతాను. ఆ తడి రోజులు అయిపోయిన నెల రోజులకి, దసరా ముందు, ఒక ఉదయం. మూడు గంటల నిద్ర మీద ఉన్నాను. డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి. అప్పటికి పావుగంట సేపు బతిమాలి కూర్చోబెడితే లేచి వచ్చేసి, ఇప్పుడే మార్చిన దుప్పటి మీద దొడ్డికి వెళ్ళాడు. వెళ్ళి నా వైపు చూసి నవ్వాడు. చెయ్యి లేచింది. గట్టిగానే పడింది, తొడ మీద. వాడు ఏడవలేదు. అదే ఇప్పటికీ నన్ను బాధపెట్టేది. వాడు నోరు తెరిచి, నా మొహమే చూస్తూ ఉండిపోయాడు.

అవ్వ వాకిట్లోంచి చూసింది. ఏమీ అనలేదు. వచ్చి వాణ్ణి ఎత్తుకుని తన పోర్షన్లోకి తీసుకుపోయింది.

ఆ తర్వాత మావాడు దొడ్డికి వెళ్ళడమే మానేశాడు. మొదటి రోజు మేం గమనించలేదు. రెండో రోజు నుంచి ఇనప బీరువా వెనక సందులో దూరి నిలబడేవాడు. గోడకి రెండు చేతులూ ఆనించి, ముని వేళ్ళ మీద లేచి, కాళ్ళు కత్తెరలా బిగించి, మొహం ఎర్రగా చేసుకుని వణికేవాడు. పాపం, రాక ముక్కుతున్నాడనుకున్నాం. అరటిపండు తినిపించాం, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు పట్టాం. నాలుగో రోజు పొట్ట డోలులా బిగిసింది. విద్యానగర్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆయన పొట్ట నొక్కి చూసి, వాడు నిలబడే తీరు చెప్పమన్నాడు. నేను లేచి చేతులు గోడకి ఆనించి అభినయించి చూపించాను. "ముక్కడం కాదండీ అది. బిగపట్టుకుంటున్నాడు" అన్నాడు. ఒకసారి ఆపుకుంటే లోపల గట్టిపడుతుంది, గట్టిపడింది వచ్చేటప్పుడు నొప్పి పెడుతుంది, నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటాడు, దాంతో ఇంకా గట్టిపడుతుంది. పిల్లలు ఈ వలలో పడితే తేలడానికి నెలలు పడుతుందన్నాడు. సిరప్ రాశాడు. "నెల రోజులు ఎక్కడా కూర్చోబెట్టకండి. గోచీలోనే పోనివ్వండి. పోయినా మెచ్చుకోకండి, తిట్టకండి, అసలు పట్టించుకోనట్టు ఉండండి. ఎవరైనా కొట్టారా?" అని అడిగాడు.

మా ఆవిడ నా వైపు చూడలేదు. నేనే చెప్పాను.

నెలన్నాడు గానీ మాకు మూడు నెలలు పట్టింది. మళ్ళీ రోజుకి పదిహేను గుడ్డలు. ఈసారి డ్రమ్ము అడుగున చెంబు గీరుకున్నా నోరు మెదపలేదు. ఒకరోజు బీరువా వెనక్కి నేను కూడా వెళ్ళి, వాడి పక్కనే గోడకి చేతులు ఆనించి నిలబడ్డాను. వాడికి భలే నవ్వొచ్చింది. నవ్వితే బిగపట్టుకోవడం కుదరదు, ఆ సంగతి అప్పుడు తెలిసింది.

2001 ఎండాకాలం. ఏప్రిల్ చివర, మా ఆవిడకి సెలవులు ఇచ్చేశారు. వాడికి రెండేళ్ళ నాలుగు నెలలు నిండాయి. ఎండకి గోచీ కూడా ఎందుకని విప్పేసి, మొలతాడుతో వదిలేశాం. ఉదయం పదింటికే బండలు కాలేవి. నీడ ఉన్న చోట ఆడుకునేవాడు. ఒకరోజు వాడి కాళ్ళ మీదుగా ఒంటేలు జారి షాబాద్ బండ మీద పడింది. నల్లగా మరక. వాడు వంగి చూశాడు. ఎండలో ఆ మరక అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ, చూస్తుండగానే మాయమైంది. ఇంకోసారి చేశాడు, మళ్ళీ మాయం. అప్పటిదాకా గోచీలో ఏం జరిగేదో వాడికి కనబడలేదు కదా. ఇది నాలోంచే వస్తోంది, రాబోయేముందు ఇలా ఉంటుంది అన్నది వాడు ఆ బండ మీదే చదువుకున్నాడని నా నమ్మకం. మూడో రోజుకి రాబోయేముందు ఆగి, "నాన్నా, బండ" అనేవాడు. వారానికి బండ నుంచి నల్లా పక్క జాలారు దాకా పరిగెత్తేవాడు.

రెండోది ఇంకో పది రోజులకి వచ్చింది. లెట్రిన్ అంటే వాడికి భయం, ఆ కన్నంలో పడిపోతానని. ఆ ఉదయం దోసె తిని, అవ్వ గడపలో పప్పు ఏరుతుంటే ఆమె చేటలో రాళ్ళు ఏరి పెడుతున్నాడు. లేచి లోపలికొచ్చి, బాతులోంచి కార్లు ఒక్కొక్కటే బయటికి తీసి గోడ వెంట వరసగా పెట్టాడు. ఏడు. తర్వాత కూర్చున్నాడు. మేమిద్దరం తలుపు చాటున ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. అవ్వ అక్కడి నుంచే గడియారం వైపు చూసి, "పావుగంట" అంది.

చాలా ఏళ్ళకి ఆదివారం ఆరోగ్యం పేజీ చూస్తున్నప్పుడు ఒక వ్యాసం అనువాదానికి వచ్చింది. బ్రేజెల్టన్ అని అమెరికా పిల్లల డాక్టరు 1962లో 1,170 మంది పిల్లల వివరాలతో రాసిన పరిశోధన ప్రస్తావన ఉంది అందులో. ఏడాదిన్నర వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత కూడా పిల్లవాడు సుముఖంగా ఉంటేనే ముందుకెళ్ళాలి, మొరాయిస్తే వదిలేయాలి అంటాడాయన. ఆ పిల్లలకి పగటి పూట అలవాటు కుదిరింది సగటున ఇరవై ఎనిమిది నెలలు దాటాక. నేను డెస్కు మీద వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. డిసెంబర్ నుంచి మే నెలకి, ఇరవై ఎనిమిది దాటి ఇరవై తొమ్మిదోది నడుస్తోంది. మధ్యలో నేను చేసిన హడావిడి, ఆ దెబ్బ, ఏవీ ఆ లెక్కని ఒక్క రోజు కూడా ముందుకి జరపలేదు. ఆ వ్యాసం దిద్దడానికి నాకు మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది.

జూన్‌లో ప్లే స్కూల్లో వేశాం. మా ఇంట్లో దొడ్డికి వెళ్ళడాన్ని "ఆయి" అంటాం. మొదటి వారం వాడు క్లాసులో లేచి "ఆయి" అన్నాడట. టీచరుకి ఆ మాట తెలియదు, పిల్లాడు ఆయాని పిలుస్తున్నాడనుకుని ఆయాని కేకేసింది. ఆయా వచ్చింది, ముద్దు చేసి ఎత్తుకుని ఆడించింది. ఆ తర్వాత ఆమె చీర మార్చుకోవాల్సొచ్చింది. మర్నాడు నన్ను పిలిపించి "ఇంట్లో ఏ పదం వాడతారో ముందే చెప్పాలి సార్" అన్నారు. నేను ఒక కాగితం మీద ఆయి, ఉచ్చ, దొడ్డికి, ఒంటికి, సుసూ, అవ్వ దగ్గర నేర్చిన ఇంకో రెండు మాటలూ వరసగా రాసిచ్చాను. భాషే వృత్తి అయినవాణ్ణి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా.

రాత్రిళ్ళు పక్క తడపడం నాలుగేళ్ళ దాకా ఉంది. దానికి మేం ఏమీ చెయ్యలేదు, రబ్బరు గుడ్డ వెయ్యడం తప్ప. దానంతటదే పోయింది.

2003లో చందానగర్‌లో ఫ్లాటు కొనుక్కుని మారాం. వెస్టర్న్ కమోడ్. కథ మళ్ళీ మొదటికొచ్చింది. నాలుగున్నరేళ్ళ వాడు కమోడ్ మీదికెక్కి గొంతుక్కూర్చునేవాడు, ఫ్లష్ మోత వినగానే దూకేసేవాడు. కాళ్ళ కింద చిన్న స్టూలు వేశాక కుదిరింది. స్టూలు ఎందుకు గుర్తొచ్చిందంటే, కాళ్ళ మీద కూర్చోబెట్టుకున్నప్పుడు మోకాళ్ళు పొట్ట దగ్గరికి రావాలని అవ్వ చెప్పింది కదా. ఆ ఆగస్టులోనే సిటీలో తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు మొదలయ్యాయి. సరదాగా వాణ్ణి సికింద్రాబాద్ దాకా ఎక్కించాను. హైటెక్ సిటీ దాటగానే "ఒంటికి" అన్నాడు. ఆ రైళ్ళలో బాత్రూములు ఉండవని నాకు అప్పుడే తెలిసింది. సంచిలో సగం నీళ్ళున్న ప్లాస్టిక్ సీసా ఉంది. నీళ్ళు నేను గటగటా తాగేశాను. తలుపు పక్క మూలకి తిప్పి, నా చొక్కా అడ్డం పెట్టి, భరత్‌నగర్ వచ్చేలోపు పని పూర్తి చేయించాను. సంజీవయ్య పార్కు దాటేసరికి నాకొచ్చింది. నాకెవరు చొక్కా అడ్డం పెడతారు? సికింద్రాబాద్‌లో దిగి ఇద్దరం పరిగెత్తాం.

నల్లకుంట ఇంటి చోట ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. అవ్వ ఎప్పుడో పోయింది. మావాడు బెంగళూరులో ఉద్యోగం. ఇది రాస్తున్నానని నిన్న ఫోన్లో చెప్పాను. తనకేమీ గుర్తు లేదన్నాడు. ఆ దెబ్బ సంగతి కూడా చెప్పాను, మొదటిసారి. "పోనీలే నాన్నా" అని నవ్వేశాడు. "పేరు మాత్రం రాయకు" అన్నాడు. రాయనన్నాను. ఫోన్ పెట్టేయబోతూ, "అవునూ, ఆ కార్లు ఏమయ్యాయి?" అన్నాడు.

ఆరు ఎక్కడ పోయాయో తెలియదు. ఏడోది, డోరు ఊడిపోయిన ఎర్ర అంబాసిడరు, నా టేబుల్ సొరుగులో ఉంది. ఉందని వాడికి చెప్పలేదు. సంక్రాంతికి వస్తాడుగా, అప్పుడిస్తాను.